నలభై అయిదు డిగ్రీల ఎండలో, నడుముకు ఇన్సులిన్ పంపుతో గోదావరిఖని

మే నెలలో గోదావరిఖని వెళ్తున్నానని చెప్పగానే మా అమ్మ ఫోన్లోనే గొంతు పెంచింది. "నీకేమైనా మతి పోయిందా?" అంది. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. నాకు పదమూడో ఏట నుంచి టైప్ వన్ మధుమేహం. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. అయిదేళ్లుగా ఇన్సులిన్ పంపు వాడుతున్నాను. చిన్న సెల్‌ఫోనంత ఉండే ఆ పంపు నా నడుముకు వేలాడుతుంది. దాని నుంచి ఒక సన్నని గొట్టం పొట్ట మీద అతికించిన బిళ్ల దాకా వెళ్తుంది. బిళ్ల కింద, చర్మంలోకి దిగి ఉండే మెత్తని నాళం రోజంతా చుక్కచుక్కగా ఇన్సులిన్ అందిస్తుంది. మూడేళ్ల కిందట ఒక పెళ్లికి వెళ్తూ ఇన్సులిన్ సంచీని ఎండలో నిలిపిన కారులో మరిచిపోయాను. మందు పాడైన సంగతి నాకు తెలిసేసరికే వాంతులు మొదలయ్యాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పటి నుంచి వేసవిలో కాకినాడ పొలిమేర దాటింది లేదు.

ఈసారి కదిలించింది నస్రీన్. నాన్న బొగ్గు గనుల కంపెనీలో ఇంజినీరుగా పనిచేసిన రోజుల్లో గోదావరిఖని క్వార్టర్లలో మా వెనక వీధి పిల్ల. నాకు పదహారేళ్లప్పుడు మేము కాకినాడ వచ్చేశాం. నస్రీన్ అక్కడే ఉండిపోయింది. మెకానిక్ యూసుఫ్ భాయ్‌ని పెళ్లి చేసుకుంది, ఏళ్ల తరబడి ఊళ్లో వాళ్ల ఫంక్షన్లకు వంట చేసిపెట్టింది. ఇప్పుడు భర్త షెడ్డు పక్కనే సొంతంగా చిన్న హోటల్ పెడుతోంది. "ఎండలు తగ్గాక పెట్టుకోవచ్చు కదే?" అన్నాను. ఫోన్లో గయ్యిమంది. "మూడేండ్ల సంది హోటల్ పెట్టు పెట్టు అని నా పాణం దీసింది నువ్వే. ఇప్పుడు పెడుతున్న. మొదటి ప్లేటు నీదే. నువ్వు రాకుంటె గంజు మూతే తియ్య!" ఆ మాట విన్నాక ఇంక టికెట్టు తీసుకోకుండా ఎలా ఉంటాను?

కాకినాడ నుంచి ముందురోజే విజయవాడ చేరుకున్నాను, అక్కడి నుంచి రామగుండానికి నేరుగా రైళ్లున్నాయి. నేను పొద్దున బయల్దేరే బండిలో థర్డ్ ఏసీ తీసుకున్నాను. టికెట్టు ఏడు వందల లోపే, ప్రయాణం దాదాపు అయిదు గంటలు. పంపులో ఎప్పటిలా మూడు రోజులకు కాకుండా ఒకటిన్నర రోజుకు సరిపడా మందే నింపాను. వేడికి పాడైతే పారబోసేది కొంచెమే ఉండాలని. మిగిలిన ఇన్సులిన్‌ను రెండు చోట్ల పెట్టాను. ఒక సీసా, ఒక ఇన్సులిన్ పెన్ను చేతిసంచీలో, నీళ్లలో నానబెడితే గంటల తరబడి చల్లగా ఉండే గుడ్డ పౌచ్‌లో. ఇంకో సీసా పెద్ద సంచీలో, ఖాళీ ఫ్లాస్కులో. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

మధ్యాహ్నం రెండింటికి రామగుండం స్టేషన్ బయట అడుగుపెడితే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. గోదావరిఖనికి బస్సులూ షేర్ ఆటోలూ దొరుకుతాయి. ఆటోకు ముప్పై రూపాయలు. డ్రైవరు అద్దంలోంచి నా నడుము వైపు రెండుమూడు సార్లు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"అక్క, గా డబ్బ ఏంది? కొత్త రకం సెల్లా?"

ఇన్సులిన్ పంపు అని చెప్పాను.

"షుగరా? మా అవ్వకు గూడ ఉన్నది. పొద్దుమాపు సూదేసుకుంటది. గిట్ల డబ్బుంటదని మాకెవ్వలు చెప్పలే." ఒక గతుకు తప్పించి, "పదకొండు దాటినంక బయట తిరగకున్రి అక్క. మళ్ల అయిదింటికి రోడ్డెక్కున్రి. ఈడ మేమందరం గంతే," అన్నాడు. ఈ ఊరికి వేసవిలో వచ్చే ఎవరికైనా నేనిచ్చే సలహా కూడా ఇదే.

నస్రీన్ నన్ను చూడగానే కావలించుకుని, వెంటనే వంటింట్లోకి లాక్కుపోయింది. ఫ్రిజ్ నిండా మర్నాటి వంటకు మసాలా పట్టించిన కోడిమాంసం గిన్నెలు. తలుపు మీది పై అర మాత్రం తుడిచి, ఖాళీగా ఉంచింది. "గిది నీ మందుకు. పోరగాండ్లకు చెప్పిన, ముట్టుకుంటె చేతులిరగ్గొడత అని." కరెంటు పోతే పైన ఐస్ పెట్టే డబ్బాలోకి మార్చేద్దామని కూడా అంది. నేను కంగారుగా ఆపాను. ఇన్సులిన్ గడ్డకడితే ఇంక పనికిరాదు.

మర్నాడు పొద్దున అయిదున్నరకు లేచి చూసుకుంటే షుగరు నూట పద్ధెనిమిది. ఆనందంగా కొత్త బిళ్ల అతికించుకున్నాను. ఆరింటికల్లా నస్రీన్ స్కూటీ తీసింది. గోదావరి బ్రిడ్జి దాటి అవతలి వైపు, జైపూర్ మండలం పల్లెల నుంచి వచ్చే రైతుల దగ్గర లేత సొరకాయలు దొరుకుతాయట, పప్పులో సొరకాయ వేసి వండే దాల్చాకు అవే కావాలట. బ్రిడ్జి మధ్యలో ఆపమన్నాను. చల్లటి గాలి. కింద ఇసుక తిన్నెల మధ్య నీళ్లు మెరుస్తున్నాయి, దూరంగా విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. పక్కనుంచి బొగ్గు లారీ పోతే బ్రిడ్జి కాళ్ల కింద సన్నగా ఊగింది. చిన్నప్పుడు సైకిళ్ల మీద ఇక్కడిదాకా వచ్చి, తన్నులు తినడానికి ఇంటికెళ్లేవాళ్లం. ఇద్దరం ఆ మాటే అనుకుని, వెనక హారన్లు మోగేదాకా నవ్వుకున్నాం. పది సొరకాయలు నా ఒళ్లో పెట్టుకుని, ఒకటి జారిపోతే మళ్లీ దిగి ఏరుకుని, ఏడున్నరకు ఇంటికి చేరాం. వేసవిలో గోదావరి చూడాలంటే ఆ గంటన్నరే సమయం.

పదింటికి, వాళ్లింటి ముందే ఉన్న హోటల్ దగ్గర ఉన్నాను. హోటలంటే రేకుల కప్పు, చుట్టూ ఆకుపచ్చ నెట్టు, నాలుగు బల్లలు, వెనక కట్టెల పొయ్యిల మీద రెండు పెద్ద గంజులు. ఒకదాంట్లో బగారన్నం, ఒకదాంట్లో కోడికూర, పక్కన చిన్న గిన్నెలో దాల్చా. నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. చెమట ధారగా కారుతోంది. పదకొండింటికి షుగరు చూస్తే మూడు వందల పద్ధెనిమిది. పొద్దున తిన్న రెండు ఇడ్లీలకు ఇంత పెరగదు. అయినా ఎండ వల్ల కాబోలనుకుని, పంపుతోనే అదనపు డోసు ఇచ్చుకుని, నీళ్లు తాగాను. పన్నెండింటికి మూడు వందల నలభై ఆరు. నోరు పిడచకట్టింది. కడుపులో తిప్పుతోంది. మూడేళ్ల కిందటి కారు, ఆసుపత్రి మంచం ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

చాటుగా వెళ్లి కుర్తా పైకెత్తి చూసుకున్నాను. చెమటకు తడిసి బిళ్ల ఒక పక్క పూర్తిగా లేచిపోయి ఉంది. నాళం బయటికి వచ్చేసింది. పంపు పంపిన మందంతా బట్టలకే పోతోంది. మొదట సాయంత్రం బండికి వెనక్కి వెళ్లిపోదామనే అనుకున్నాను. తర్వాత, ఏళ్లుగా డాక్టరు నేర్పిన వరస ఒక్కొక్కటే చేశాను. ఇన్సులిన్ అందకపోతే ఒంట్లో పెరిగే కీటోన్లను పరీక్ష పట్టీ మీద చూసుకుంటే కొద్దిగా ఛాయ మాత్రమే ఉంది. పౌచ్‌లోంచి పెన్ను తీశాను, ముట్టుకుంటే చల్లగా ఉంది. ముందటి డోసు ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు కాబట్టి లెక్క కన్నా కొంచెం తగ్గించి సూదేసుకున్నాను. ఇక కొత్త బిళ్ల. అతికించాను, ఊడింది. ఇంకోటి అతికించాను, అదీ ఊడింది. చేతిలో ఒక్కటే మిగిలింది.

అప్పటికే హోటల్ తెరుస్తూ యూసుఫ్ భాయ్ దువా చదవడం పూర్తయింది. బల్లల దగ్గర జనం కూర్చున్నారు. నస్రీన్ మాత్రం గంజు మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. విషయం చెప్పాను. దాని ముఖం పాలిపోయింది.

"నేనే పిలిసి నీ పాణం మీదికి తెచ్చిన. ఇయ్యాల వద్దు. ఎవ్వలకు పెట్ట. నడు, దవాఖానకు పోదాం."

"దవాఖాన అవసరమైతే నేనే చెప్తాను. మందు వేసుకున్నాను. బిళ్ల అంటుకుంటే చాలు. నువ్వు ముందు వడ్డించు, వాళ్లు ఆకలితో ఉన్నారు."

"నువ్వు తినంది మూత తియ్య అన్న గదనే!"

ఆ గొడవ విని బల్ల దగ్గర నుంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. పక్కింటి కొమురయ్య కాక. ముప్పై ఏళ్లకు పైగా భూగర్భ గనిలో, ఇక్కడి వాళ్ల మాటలో 'బాయి'లో, పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఫస్ట్ ఎయిడ్ నేర్చినవాడు. నా నడుముకున్న పంపునూ గొట్టాన్నీ చూసి నవ్వాడు. "మా క్యాప్ ల్యాంపు లెక్కనే ఉన్నది గద బిడ్డా! నడుముకు బ్యాటరీ, టోపి మీది లైటుకు తీగ." తర్వాత సంగతంతా నెమ్మదిగా అడిగి తెలుసుకున్నాడు.

"చెమట మీద ఏ పట్టి అంటది బిడ్డా? బాయిల దిగినప్పుడు మాకు గూడ గిదే తిప్పలు. ముందుగాల చల్లటి నీళ్లతోని కడుక్కో. తుడుసుకొని ఫ్యాను ముందట పది నిమిషాలు కూసో. తోలు మంచిగ ఆరినంక స్పిరిట్ రాయి. అది గూడ ఆరాలె. జల్ది చెయ్యకు. అప్పుడు అతికియ్యి. పైనుంచి సాగే పట్టి రెండు సుట్లు సుట్టు, బిర్రుగ గాదు." ఇంటికి వెళ్లి, పాత రేకు డబ్బాలోంచి సీలు విప్పని కొత్త క్రేప్ బ్యాండేజీ తెచ్చి ఇచ్చాడు. నస్రీన్ వైపు తిరిగి, "నువ్వు మూత తియ్యవైతివి. మొదటి ప్లేటు నాకు పెట్టు. నాది గోలీల షుగరే, రెండు బుక్కలు తింట," అన్నాడు. అందరూ నవ్వారు. నస్రీన్ కళ్లు తుడుచుకుంటూ మూత తీసింది. ఆ వాసనకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తల తిప్పి చూశారు.

వెనక గదిలో యూసుఫ్ భాయ్ షెడ్డులోని పెద్ద ఫ్యాను పెట్టించాడు. కాక చెప్పిన వరసలోనే చేశాను. పది నిమిషాలు కూర్చోవడం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు. పంపులో పాత మందు పారబోసి, ఫ్రిజ్‌లోని సీసా నుంచి కొత్తది నింపాను. బిళ్ల పెట్టి, అరచేతి వేడి తగిలేలా నిమిషంసేపు అదిమి పట్టుకున్నాను. ఈసారి అంటుకుంది. మీద పట్టీ వదులుగా చుట్టాను. ఒంటిగంటకు షుగరు రెండు వందల డెబ్భై ఒకటి. మరో లీటరు నీళ్లు తాగి, చాప మీద పడుకుని, గోడ అవతల గిన్నెల చప్పుడు, "ఇంకో గంటె కూర వెయ్యి వదినా" అనే కేకలు వింటున్నాను. రెండింటికి నూట ఎనభై రెండు. మూడింటికి నూట నలభై ఏడు. కడుపులో తిప్పడం పోయి, ఆకలి వేయడం మొదలైంది. ఆ ఆకలి వేసినందుకు ఎంత సంతోషించానో చెప్పలేను.

బయటికి వచ్చేసరికి మొదటి షిఫ్టు వదిలారు. డ్యూటీ దిగిన వాళ్లతో బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. నస్రీన్ నన్ను చూసి, గరిటె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఎంతున్నది?" నేను మీటరు చూపించాను. దానికి ఆ అంకెల లెక్క పెద్దగా తెలియదు, కానీ నా ముఖం చూసి అర్థం చేసుకుంది. రెండు గంజులూ దాదాపు ఖాళీ. మూలన అడుగున మిగిలిన బగారన్నం, కాస్త దాల్చా, ఒక కోడి కాలు. "మొదటి ప్లేటు పెడదామనుకుంటె ఆఖరి ప్లేటైంది," అని బుంగమూతి పెట్టింది.

నేను సంచీలోంచి చిన్న తూకం యంత్రం తీసి అన్నం తూచాను. నూట యాభై గ్రాములు, అంటే నలభై గ్రాములకు పైగా పిండిపదార్థం. ఆ లెక్కకు సరిపడా డోసు పంపులో నొక్కాను. ఎదురుగా కూర్చున్న గని కార్మికుడు ఆసక్తిగా అడిగాడు. "అన్నం జోకి తింటవా అక్క?" "జోకితే ఏదైనా తినొచ్చు అన్నా," అన్నాను. పావుగంట ఆగి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అడుగున కాస్త మాడిన బగారన్నంలో లవంగం, పుదీనా, పొగ వాసన. ఆ రుచి గురించి నేను రాయలేను. మీరు వెళ్లి తినాల్సిందే. నస్రీన్ ఎదురుగా కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నేను చివరి మెతుకు తినేదాకా చూసింది. రెండు గంటల తర్వాత షుగరు నూట అరవై.

తిరుగు రైల్లో కూర్చున్నాక, ఈ మూడేళ్లలో ఎండ పేరు చెప్పి మానుకున్న ఊళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. జబ్బు వల్ల వెళ్లలేదని అందరికీ చెప్పుకున్నాను కానీ, నిజానికి ఒక్క చెడ్డ రోజుకు భయపడి వెళ్లలేదు. గోదావరిఖనిలో కూడా అలాంటి రోజే వచ్చింది. పొద్దున పదకొండింటికి మొదలై మధ్యాహ్నం మూడింటికి అయిపోయింది. ఆ నాలుగు గంటల్లో నేనొక్కదాన్నే లేను. ఫ్రిజ్‌లో చోటు ఖాళీ చేసిన మనిషి ఉంది, ఫ్యాను మోసుకొచ్చిన మనిషి ఉన్నాడు, పట్టీ ఎలా చుట్టాలో తెలిసిన పెద్దాయన ఉన్నాడు. బయల్దేరేముందు నా జబ్బు గురించి, నాకేం కావాలో ముందే నస్రీన్‌కు, ఆ తర్వాత అక్కడ కాకకు విడమరిచి చెప్పకపోతే వీళ్లెవరూ నాకు సాయపడగలిగేవారు కాదు. వచ్చే వేసవికి శ్రీరాంపూర్‌లో ఉన్న మా పాత క్లాస్‌మేటును కూడా కలవాలని స్టేషన్లో వీడ్కోలు చెప్పుకునేటప్పుడే నస్రీనూ నేనూ అనుకున్నాం.

మీరూ పంపుతో ఎండల్లో బయల్దేరుతుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. షుగరు వరుసగా రెండుసార్లు ఎక్కువ చూపిస్తే పంపును నమ్మి ఇంకో డోసు నొక్కకండి. ముందు బిళ్ల చూసుకోండి, మీ డాక్టరు చెప్పిన లెక్కలో పెన్నుతో సూదేసుకోండి, తర్వాత తీరిగ్గా ఒళ్లు ఆరబెట్టుకుని కొత్త బిళ్ల అతికించుకోండి.