వడగట్టిన నూనె

ఆ నూనె తలుచుకుంటేనే సత్తెమ్మకు రోత. హైటెక్ సిటీలో ఓ అద్దాల బిల్డింగు, అందులో నాలుగో అంతస్తులో ఆమె పనిచేసే క్యాంటీను. పొద్దున పూరీలు, పదకొండింటికి సమోసాలు, నాలుగింటికి పకోడీలు, అన్నీ ఆ ఒక్క మూకుడులోనే. సాయంత్రానికి అది నూనెలాగా ఉంటుందా? నల్లగా, చిక్కగా, మాడు కంపు కొడుతూ వేలికి బంకలా అంటుకుంటుంది. ఛీ! మూకుడు ఎదురుగానే 'మీ గుండె కోసం' అని ఆకుపచ్చ బోర్డు, దాని కింద మొలకలు, కీర ముక్కలు. సాఫ్ట్‌వేర్ పిల్లలు వాటికి ఫోటోలు తీసుకుంటారు, తినేది మాత్రం సమోసాలే.

రోజూ పని అయిపోయేముందు ఆ నల్ల నూనెను గుడ్డలో వడగట్టి డబ్బాల్లో పోసేది సత్తెమ్మే. మూతలు సరిగా బిగవవని తన పాత చీర పేలికలతో మూతులు కట్టేది. ఆటో వచ్చి తీసుకుపోయేది.

"ఇది ఏడికి పోతది సార్?" అని సూపర్‌వైజర్ రాజేందర్‌ని ఒకసారి అడిగింది.

"సబ్బుల ఫ్యాక్టరీకి. నీకెందుకు ఫికర్?"

సత్తెమ్మ నమ్మింది. ఏడేళ్లు వడగట్టింది.

ఇంటికి వెళ్తే మొగుడితో ఇంకో యాతన. లింగంపల్లిలో ఓ అపార్టుమెంటుకు వాచ్‌మన్ బాలనర్సయ్య. పోయినేడు ఛాతీ పట్టుకుని కూలబడితే దవాఖానలో గుండెకు స్టెంటు వేశారు. నూనె నెలకు అరలీటరు దాటొద్దు, ఉప్పు తగ్గించాలి, వేపుళ్లు ముట్టొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మూకుడు పొయ్యి ఎక్కలేదు. జొన్నరొట్టె, పాలకూర పప్పు, పలచని మజ్జిగ.

"గడ్డి తిన్నట్టున్నదే! నేనేమన్న బర్రెనా?" అనేవాడు బాలనర్సయ్య.

"బర్రెలకు గుండెపోటు రాదు. మింగు."

మింగేవాడు. పైగా ఆమె గుమ్మం ఎక్కగానే ముక్కు మూసుకునేవాడు. "అబ్బ, ఏం కంపే! ముందుగాల పోయి తానం చెయ్."

ఇంత చేసినా మొన్న రక్తపరీక్షలో కొవ్వు తగ్గకపోగా పెరిగింది. డాక్టరు సత్తెమ్మ మీద మండిపడ్డాడు. "ఇంట్లో ఏం పెడుతున్నావమ్మా? ఈసారి పోటు వస్తే మనిషి దక్కడు." తల కొట్టేసినట్టయింది ఆమెకు. పక్కనున్న మొగుడు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడో తింటున్నాడు ముండాకొడుకు, కానీ ఎక్కడ?

మొన్న శనివారం క్యాంటీను తొందరగా మూశారు. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు దిగి బయటికి వచ్చేసరికి స్టేషన్ ఎదురుగా బజ్జీల బండి, బండి దగ్గర బాలనర్సయ్య. చేతిలో కాగితం, కాగితంలో నాలుగు మిరపకాయ బజ్జీలు, మూతంతా జిడ్డు.

"సిగ్గున్నదా నీకు?" అరిచింది సత్తెమ్మ. "నేను కడుపు మాడ్చుకొని నీకు రొట్టెలు కొడుతుంటే, నువ్వీడ దొంగతిండి తింటున్నవా? రోజూ వస్తున్నవా?"

"రోజు కాదే... అప్పుడప్పుడు" అని నసిగాడు. బండివాడు బుల్లిబాబు అడ్డం వచ్చాడు. "కంగారు పడకండమ్మా, మాది మంచి నూనేనండి. పెద్ద కంపెనీ క్యాంటీనుది. ఎంత శుభ్రంగా వడగట్టి పంపుతారో మీరే చూడండి!" బండి కింద నుంచి డబ్బా బయటికి లాగాడు.

డబ్బా మూతికి తన ఆకుపచ్చ చీర పేలిక. తన చేత్తో వేసిన ముడి.

సత్తెమ్మ కాలవ పక్కకు పోయి భళ్లున కక్కింది. మూతి తుడుచుకుని వచ్చి, అరచెయ్యి మొగుడి ముక్కుకు ఆనించింది.

"వాసన సూడు. నాకాడ కంపు అంటివి గద. గిదే నువ్వు లొట్టలేసుకుంట తింటున్నది. నేను కడిగిన మూకుడుల మాడిన నూనె, నేను వడగట్టిన నూనె. తూ, నీ నాలుక పాడుగాను!"

బాలనర్సయ్య నోట్లోది ఉమ్మేశాడు. రాత్రంతా ఆమె చేతులు సబ్బుతో తోముకుంటూనే ఉంది. మొగుడి మీద అసహ్యం, రాజేందర్ మీద అసహ్యం, అందరికన్నా తన చేతుల మీద అసహ్యం.

సోమవారం ఆటో వచ్చే వేళకు సత్తెమ్మ ఫినాయిలు సీసా పట్టుకొచ్చి, అయిదు డబ్బాల్లోనూ గబగబా పోసింది.

రాజేందర్ పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చి లేసిందా?"

"సబ్బుల ఫ్యాక్టరీకేనంటివి గద సార్. సబ్బుకు మంచి వాసన రానీ."

అతని మొహం నల్లబడింది. "రేపటి నుంచి రాకు. అయినా ఊరంత క్యాంటీన్లే ఉన్నయి. నువ్వొక్కదానివి ఫినాయిలు పోస్తే బజ్జీల బండ్లు బందైతయా?"

"కావు సార్" అంది సత్తెమ్మ, తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ. "కానీ నా మొగడు సస్తే, సంపింది నా చెయ్యి కాదు."