ఏంజెల్ బల్ల కొలత

మాదాపూర్ హాస్టళ్ల సందులో రేణుకది ఇస్త్రీ దుకాణం. అందులోని బల్ల ఆమె భర్త కుమార్ చేయించుకున్నది. కుమార్ తాడిచెట్టంత మనిషి. అతను క్యాబ్ నడపడానికి వెళ్లిపోయాక ఆ బల్ల రేణుక పాలబడింది. మడమలెత్తి, కుడి భుజం చెవిదాకా లాక్కుని, బరువైన బొగ్గుల పెట్టెను తోసేది. ఆమె ఓర్పును హాస్టల్ వార్డెన్ తెగ మెచ్చుకునేవాడు. మెచ్చుకోళ్లతో భుజాలు బాగుపడవు. ఇలాగే చేస్తే చెయ్యి పైకి లేవదని దవాఖానలో చెప్పేశారు. చెయ్యి లేవకపోతే దుకాణం మూతే.

ఎదురు ఇస్త్రీ దుకాణం ఏంజెల్‌ది. కాకినాడ నుంచి వచ్చిన పొట్టి పిల్ల. పొద్దు గుంకినా అలసట లేకుండా కీర్తనలు పాడుకుంటూ చొక్కాలు మడతపెట్టేది. ఆ పాట వినబడితే చాలు, రేణుక చేతిలోని పెట్టెకన్నా కడుపే ఎక్కువ కాలేది. హాయంతా ఏంజెల్ పొట్టి బల్లలోనే ఉందని తేల్చుకుంది. ఆదివారం ఏంజెల్ చర్చికి వెళ్లగానే పురికొసతో బల్ల ఎత్తు కొలుచుకొచ్చింది.

వడ్రంగి రామబ్రహ్మం ఆ పురికొసను చూసి, రేణుకను చూశాడు.

"గింత కిందికా? బల్ల ఎవలికమ్మా?"

"నాకే."

"జర నిలవడు, నీ మోచెయ్యి ఏడికొస్తదో చూస్త."

"నా మోచెయ్యితోని నీకేం పని? ఇచ్చిన కొలతకు చెయ్యి."

చేశాడు. భుజం నొప్పి తగ్గింది. నడుము పట్టేసింది. పొట్టి పిల్ల బల్ల మీద రోజంతా వంగి పనిచేస్తే ఇంకేమవుతుంది?

ఏంజెల్ సందు దాటి వచ్చి, బట్టల కోసం నిలబడ్డ వాళ్ల ముందే నవ్వింది.

"అచ్చం నా బల్లే దింపేశారేంటక్కా! మీరు నాకంటే పొడుగు కదండీ. బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టండి. మా ఇంటి దగ్గరున్నాయి, తెమ్మంటారా?"

"మాకు ఇటుకలు కరువైనయా పిల్లా? నీ పని నువ్వు చూస్కో."

రెండు రోజులు పళ్లబిగువున వంగింది. మూడో రోజు పొద్దున మంచం మీంచి లేవలేక గోడ పట్టుకుంది. అప్పుడు రామబ్రహ్మానికి ఫోన్ చేసింది. అతను ఆమెను నిలబెట్టి, మోచేతికి కాస్త దిగువగా వచ్చేట్టు బల్ల కాళ్లకు చెక్కలు బిగించాడు. రేణుక ఒక చొక్కా ఇస్త్రీ చేసి చూసింది. వీపు నిటారుగానే ఉంది, భుజం లేవలేదు.

"ఎట్లుందమ్మా?"

ఆమె ఎదురు దుకాణం వైపు చూసింది.

"దాని బల్లకంటే ఎత్తే కదా?"

"ఎత్తే."

"గంతే. ఇగ నువ్వు పో."