ముగ్గుతో తవ్విన బావి

మొన్న జనగామలో ఆటో ఎక్కితే, బడి ముందర డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నా నుదురు రాడ్డుకు తగిలింది. రోడ్డుకు అడ్డంగా సిమెంటు దిమ్మెలు పేర్చినట్టుంది. తీరా చూస్తే తెల్లరంగు గీతలు. "దిమ్మెలనుకొని ఆగిన, పెద్దమ్మా," అని డ్రైవరు సిగ్గుపడ్డాడు. నేను నుదురు రుద్దుకుంటూ మా అక్కను తలచుకున్నాను.

అవి అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులు. మానుకోట స్టేషన్లో రైలాపి వచ్చిన అన్న, కాలు వాచిపోయి, మా ఇంటి వెనక కొట్టంలో గడ్డి చాటున పడుకున్నాడు. పరుగెత్తే సత్తువ లేదు. కొట్టానికి దారి ఇంటి పక్క సందొక్కటే. పొద్దుగూకే వేళ పోలీసులు మా వాడకట్టులో ఇల్లిల్లూ వెతుకుతున్నారని తెలిసింది. చిక్కితే ఆ కాలుతోనే జైలుకు. అక్క ఏడవలేదు. "బాయి గీస్త," అంటూ ముగ్గుచిప్ప తెచ్చి, పేడతో అలికిన సందులో గోడ నుంచి గోడ దాకా ఒక చుట్టు గీసింది.

"గిది బాయా? జొన్నరొట్టె లెక్కున్నది," అన్నాను.

"నోరు మూసుకొని చిప్ప పట్టు."

లోపల ఇంకో చుట్టు, అందులో మరోటి, ఒక్కొక్కటీ చిన్నది చేస్తూ వీధివైపుకు జరిపింది. పైచుట్టు లావుగా, లోపలికి పోయేకొద్దీ వెంట్రుకంత సన్నగా. నడుమ ఒంపు తిరిగిన పొట్టి గీతలు పెట్టేసరికి రాతికట్టు తేలింది. ఇంటివైపు నుంచి చూస్తే అది వడ్లకుప్పలా ఉబ్బి ఉంది. వీధివైపుకు వచ్చి చూసి, నేను గోడ పట్టుకున్నాను.

ఇంతలో వయసు మళ్ళిన పోలీసు జవాను ఒకడు సందులోకి వచ్చి, బావి అంచున ఆగాడు.

"ఏందిది, బిడ్డా?"

"పాత బాయి, సార్. జర పైలం."

ఆయన లాఠీ కొనతో బావి నడిమధ్యన పొడిచాడు. ఠక్కుమంది. అక్క పిడికిట్లోంచి ముగ్గు జారుతూనే ఉంది. అప్పుడే కొట్టంలో అన్న దగ్గాడు.

వీధిలోంచి వాళ్ళ ఎస్సై సాబు అరిచాడు: "వెనక ఏముందయ్యా?"

జవాను అక్క మొహంలోకి చూశాడు. "బాయి ఉన్నది, సార్. మస్తు లోతు. ఈడికెళ్ళి పోరాదు."

వాళ్ళు పక్కింటికి వెళ్ళిపోయారు.

ఈ కథ చెప్పిన ప్రతిసారీ, జవాను దడుచుకుని వెనక్కి దూకాడనీ, టోపీ బావిలో పడితే గాలం వేసి తీసిచ్చామనీ చెబుతూ వచ్చాను. పిల్లలు నమ్మారు కూడా. ఠక్కుమన్నా బావేననుకున్న మొద్దు అని అప్పట్లో నవ్వుకున్నాను. ఆ ఒక్క మాటకు ఆయన ఎంత పణంగా ఒడ్డాడో అర్థం కావడానికి, ఆయన వయసు నాకు రావలసి వచ్చింది.