గోడకు ఆనిచ్చిన మూత

మాది భువనగిరి పక్క పల్లె. కొన్నేండ్ల కింద కారప్పూస చేసే కంపెనీల పనికి పోతుంటి. పిండి కలిపే మిషన్‌కు ఇనుప మూత ఉండాలె. మాటిమాటికి తీసుడు ఆలస్యమైతదని సూపర్‌వైజర్ దాన్ని ఊడదీసి గోడకు ఆనిచ్చిండు.

ఒకనాడు మిషన్ తిరుగుతుండంగనే అంచుకు అంటిన పిండి తీస్తున్న. గ్లౌజు మిషన్ రెక్కకు పట్టి చెయ్యి లోపలికి గుంజుకపోయింది. పక్కనున్న లచ్చమ్మక్క ఉరికొచ్చి కరెంటు బంద్ చేసింది. పసుపుపచ్చటి శనగపిండి ఎర్రగైంది. రెండు వేళ్లు లేవు.

ఆటోల దవాఖానకు పోతుంటె సూపర్‌వైజర్ నా చెవుల చెప్పిండు. "ఇంట్ల గ్రైండర్ల చెయ్యి పడ్డదను చెల్లె. లేకుంటె పని పోతది." మా ఇంటికి నా జీతమే ఆధారం. నొప్పి కంటె ఆ మాటకే ఎక్కువ భయపడ్డ.

"ఎట్లయిందమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. సూపర్‌వైజర్ నన్నే చూస్తున్నడు. మా ఎంబడి వచ్చిన లచ్చమ్మక్క నా తలమీది కంపెనీ టోపీ చూపెట్టింది. "ఇంట్ల ఎవలన్న గిది పెట్టుకోని రుబ్బుతరా మేడం?"

"కంపెనీలనే అయింది" అన్న. పనికాడ తగిలిన దెబ్బకు పరిహారం నా హక్కని డాక్టరమ్మనే చెప్పింది. కొట్లాడితె వచ్చింది, పని గుడ పోలే.

గాయం మానినంక మళ్ల పనికి పోయిన. మిషన్‌కు నిమ్మకాయలు కట్టిన్రు, ముందట గుమ్మడికాయ కొట్టిన్రు. "దిష్టి తీసినం, ఇగ ఫికర్ లేదు" అన్నడు సూపర్‌వైజర్.

మూత ఇంకా గోడకే ఉన్నది.

ఇప్పటికీ మిక్సీ చప్పుడైతె చెయ్యి ఎనక్కి గుంజుకుంట. మళ్ల పనికి పోయిన ఆ రోజైతె మిషన్ దిక్కు చూడాలంటెనే భయమైంది. అయినా గోడకాడికి పోయి, మిగిలిన వేళ్లతోని మూత లేపిన. లచ్చమ్మక్క రెండో దిక్కు పట్టింది.