గార్డు బంగార్రాజు, చలిదేశం ఫోను

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, అక్కడే గార్డుగా రిటైరైన బంగార్రాజు తన జన్మలో చూసిన దొంగలందరిలోకీ పెద్ద దొంగ టెలిఫోను. బోగీలు పగలగొట్టి బొగ్గూ బియ్యమూ ఎత్తుకెళ్ళినవాళ్ళను ఆయన క్షమించాడు. ఫోను ఆయన పరువే ఎత్తుకుపోయింది. అదీ ఆయన బాధ.

అంతకుముందు కాలనీలోని తెలుగువాళ్ళకు ఊరి కబురంటే బంగార్రాజే. వాళ్ళ తాతలు బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడ పాతుకుపోయారు గానీ చుట్టరికాలన్నీ ఇంకా అక్కడే. ఉత్తరం ఎప్పటికి చేరుతుందో చెప్పలేం. టెలిగ్రాం అంటే విప్పకముందే ఏడుపులు. గార్డులకు చెప్పిన కబురైతే అక్కడ బండెక్కి, దారిలో టిట్లాగఢ్ జంక్షన్లో చేతులు మారి, మర్నాటికల్లా బంగార్రాజు నోట్లో ఉండేది.

కబురు తేవడం ఒకెత్తు, చెప్పడం ఒకెత్తు. గుమ్మంలో నిలబడి కబురు చెప్పడం ఆయనకు గిట్టదు. చెప్పులు విప్పి, కుర్చీలో కుదురుగా కూర్చుని, ముందు కాఫీ అడిగేవాడు. కాఫీ తాగాడంటే పెళ్ళి కుదిరినట్టో, పిల్ల పుట్టినట్టో. చెడ్డ కబురైతే కాఫీ ముట్టడు. మంచినీళ్ళు అడిగి, మగవాళ్ళు డ్యూటీ నుంచి వచ్చేదాకా కూర్చుని, "ఒంట్లో బాగోలేదంట" దగ్గర మొదలుపెట్టి మెల్లగా అసలు సంగతికి వచ్చేవాడు. ఈ కిటుకు తనకొక్కడికే తెలుసనుకునేవాడు పాపం. కాలనీలో పలకా బలపం పట్టని పిల్లలకు కూడా తెలుసు. ఆయన వీధి మలుపు తిరగగానే ఆడవాళ్ళు కాఫీ గ్లాసులతో ఎదురొచ్చి, "తాగు బావూ, ఒక్క గుక్క తాగు" అని ప్రాణం తీసేవారు. ఆయన తాగేస్తే ఎంత చెడ్డ కబురైనా మంచిదైపోతుందని వాళ్ళ ఆశ.

ఆయన రిటైరైన ఏడాదే, తొంభై మూడులో, ఏదో చలిదేశం ప్రభుత్వం ఫోన్లు లేని బస్తీలకూ పల్లెలకూ ఫోన్లు పెట్టించమని సాయం పంపింది. రైలింజన్ల షెడ్డు వెనక తెలుగు సంఘం హాల్లో ఒకటీ, బొబ్బిలి దగ్గర సొంతూరి పంచాయతీ ఆఫీసులో ఒకటీ వచ్చాయి. ముక్కూ మొహం తెలియని దేశం మనకు ఫోను ఎందుకిచ్చిందని కాలనీ అంతా తలలు బద్దలు కొట్టుకుంది. "ఆల్ల దేశంలో సలికి నోరు పెగల్దంట. మనవైనా మాటాడుకుంటావని ఇచ్చేసినారు" అని తేల్చేసింది ఇడ్లీలమ్మే అసిరమ్మ. ఇంతకంటే మంచి కారణం ఎవరికీ దొరకలేదు.

సంఘం కార్యదర్శి రమణబాబు జాలిపడి, ఫోను వచ్చినప్పుడల్లా ఇంటికి వెళ్ళి మనిషిని పిలుచుకొచ్చే పని బంగార్రాజుకు అప్పగించాడు. ఈయన పాత పద్ధతి వదిలితేనా! చెప్పులు విప్పి, కూర్చుని, కాఫీ తాగి, మూతి తుడుచుకుని అప్పుడు "లైన్లో ఉన్నారు" అనేవాడు. అప్పటికి లైన్లో ఉన్నవాళ్ళు విసిగి, ఫోను పెట్టేసి ఇళ్ళకు పోయేవారు.

ఇలా ఉండగా, సాయం ఎలా ఉపయోగపడుతోందో చూడ్డానికి ఆ దేశపు దొరసాని వస్తోందని కబురొచ్చింది. రమణబాబు తెలిపారా బజారు నుంచి షామియానా తెప్పించి, బంగార్రాజును పక్కకు పిలిచాడు.

"సునో మావయ్యా. రేపు దొరసాని ముందరే ఊరి నుంచి ఫోనొస్తాది. అసిరమ్మత్తని తేవాల. కాఫీ గీఫీ కుదర్దు, దౌడే! లేటయ్యిందంటే హాలు మీద మైకు కట్టించి పేర్లు పిలిపించేస్తాను. నువ్వింక ఇంట్లో కూకోవచ్చు."

బంగార్రాజుకు అన్నం సయించలేదు. బండి పోయింది, కబుర్లు పోయాయి. ఈ పిలుపు కూడా మైకుకు పోతే, తన కోసం గుమ్మంలోకి వచ్చి చూసేవాళ్ళు ఇక ఎవరుంటారు? అంత భయం ఆయనకు ఎప్పుడూ వెయ్యలేదు.

మర్నాడు దొరసాని వచ్చింది. ఆవిడ మాటను ఒక ఆఫీసరు హిందీలోకి, రమణబాబు తెలుగులోకి మారుస్తున్నారు. ఫోను మోగింది. అవతల అసిరమ్మ తమ్ముడు పైడిరాజు. బంగార్రాజు పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు.

అసిరమ్మ ఇంట్లో మినపపప్పు కడుగుతోంది. గార్డు పరుగెత్తడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చేతికందిన కాఫీ గ్లాసు ఆయన నోటికి పెట్టబోయింది. ఆయన తోసేశాడు. "కాఫీ వద్దు, ఏటీ వద్దు! బేగి పద! నీ తమ్ముడు..." అన్నాడు. అక్కడ ఊపిరి అందక మాట ఆగిపోయింది.

"ఓలమ్మో! నా తమ్ముడు నాకు లేకుండా అయిపోనాడే!"

ఆ కేకకు పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. కాఫీ తోసేశాడని తెలియగానే వాళ్ళూ అందుకున్నారు. బంగార్రాజు కాదని చేతులు ఊపితే, పాపం నోట మాట రావట్లేదని ఇంకాస్త ఏడ్చారు. అందరూ కలిసి ఊరేగింపుగా హాల్లోకి వచ్చిపడ్డారు. దొరసాని లేచి నిలబడింది. రమణబాబు అసిరమ్మ చెవికి ఫోను ఆనించాడు.

"అప్పా, నానే, పైడిరాజుని."

"ఓరి నా నాయనా, బతికే ఉన్నావా! ఎవుడురా నిన్ను సంపేసినాడు?"

"నన్నెవుడు సంపుతాడే? మాటాడమంటే మాటాడతన్నాను!"

అసిరమ్మ ఈసారి సంతోషంతో శోకాలు పెట్టింది. దొరసాని కూడా కళ్ళు తుడుచుకుంది. అసిరమ్మ ఏమంటోందని ఆవిడ అడిగితే, పోయిన తమ్ముణ్ణి ఫోను తిరిగి తెచ్చిందంటోందని చెప్పాడు ఆఫీసరు. ఇంకేమైనా సాయం కావాలా అని దొరసాని అడిగింది. రమణబాబు మైకు అనబోయాడు. అసిరమ్మ అడ్డుపడింది.

"మైకొద్దు, ఏటొద్దు. ఊల్లోవోల్లు ఒకపాలి ఫోను సేసి, పేరు సెప్పి పెట్టెయ్యాల. గార్డుబావు ఒచ్చి, కూకుని, కాఫీ తాగి, మమ్మల్ని తోలుకొచ్చినాక మల్లా సెయ్యాల. ఈ ఒక్క సాయం సేస్తే సాలు."

రెండు భాషలు దాటాక ఆ మాట ఎలా తేలిందో గానీ, దొరసాని తలూపి ఒప్పుకుంది. దొరసాని ఒప్పుకున్నాక రమణబాబు కాదనేదేముంది!

బంగార్రాజు ఓ మూల కూలబడి చెమట తుడుచుకుంటున్నాడు. అసిరమ్మ వెళ్ళి ఎదురుగా చతికిలబడింది.

"బావూ, నువ్వింక పరిగెట్టకు. నువ్వు పరిగెట్టి తెచ్చిన మంచి కబురు కన్నా కూకుని సెప్పిన సెడ్డ కబురే నయం. ఊరెల్లిన మా ఆయన అక్కడే పోయినప్పుడు నా గుమ్మంలో పొద్దల్లా కూకున్నావు. నోరిప్పనేదు. ఆ రోజు నువ్వుండబట్టే బతికినాను."

ఇన్నేళ్ళూ అందరికీ కబుర్లు మోసిన ఆయనకు, ఒకరు ఎదురుగా కూర్చుని కబురు చెప్పడం ఇదే మొదటిసారి. బంగార్రాజు దొరసాని ఎదుటే కండువాలో మొహం దాచుకుని భోరుమన్నాడు. ఆఫీసరు ఆ ఏడుపును కూడా ఫోను ఖాతాలోనే వేసి, ఇంగ్లీషులో దొరసానికి చెప్పాడు.