కొమురవ్వ మూట

సిద్దిపేట కోమటిచెరువు రేవుకు పొద్దుగాల పోతే ముందుగాల ఇనవడేది కొమురవ్వ నోరే. బండ మీద బట్ట పడకముందే తిట్టు పడుతుండె. మొగన్ని తిట్టేది, గాడిదను తిట్టేది, నీళ్లల్ల బర్లను తోలేటోళ్లనైతే వాళ్ల ఏడు తరాలను కలిపి తిట్టేది. గసొంటి నోట్ల ఒక్క ముచ్చటన్న ఆగుతదా అనుకుంటరు ఎవలైన. కని పాతబజారు ఆడోళ్ల ముచ్చట్లు ఎన్ని ఆమె కడుపుల ఉండెనో, గవన్ని ఆమెతోనే పోయినయి. ఒక్కటి సుత బజార్ల వడలే.

ఆమెకు ఎట్ల ఎరుక అంటరా? చాకలామె గద. గా వాడకట్టుల సగం ఇండ్ల బట్టలు ఆమెవే. గా దినాలల్ల, అంటే పంతొమ్మిదివందల ఎనభై దాటినంక సుత, ఇంట్ల ఆడోళ్ల ముట్టు బట్టలు చాకలామెకే ఏస్తుండ్రి. దొడ్డి గోడ మూలకు మూటగట్టి పెడుతుండ్రి. దాన్ని ఎవలు ముట్టరు, దాని దిక్కు ఎవలు చూడరు. కొమురవ్వ ఎనుక దర్వాజలకెల్లి వచ్చి ఎత్తుకపోవాలె. ఏ ఇంట్ల ఏ పిల్ల ఎప్పుడు దూరముంటదో కన్నతల్లి మరిచిపోవచ్చు గని కొమురవ్వ మరువది. కొత్త కోడలి మూట రాకపోతే ఆమెకు పండుగే. "ఏమమ్మా, నా నోరు తీపి చేసేదున్నదా లేదా?" అని వాకిట్లనే మొదలువెట్టేది. పెండ్లిగాని పిల్ల మూట రాకపోతే మాత్రం గా పెద్ద నోరు టక్కున మూతవడేది.

దానికో కత ఉన్నది. కొమురవ్వకు అంజవ్వ అని ఒక్కతే చెల్లె, చిన్నకోడూరుకు ఇచ్చిన్రు. మొగడు సచ్చిన రెండేండ్లకు ఆమెకు కడుపు నిలిచింది. ఎవలకు చెప్పుకోలేదు. కడుపు పోనీకి ఊర్ల ఎవలతోనో కట్టె పెట్టించుకున్నది. జరం వచ్చి, ఒళ్లంత కాలిపోయి, అక్కకు కబురు అందేటాల్లకే పానం పోయింది. కొమురవ్వ అప్పుడు గుండె కొట్టుకొని ఏడ్సిన ఏడుపు ఒక్కటే: "దాని బట్టలు నా చేతికి వచ్చుంటే నాకు తెలుస్తుండె గదనే! నేను బతికిచ్చుకుందునే!" గా మాట ఆమె మనసుల నాటుకపోయింది. బట్ట చేతికొస్తే పిల్ల బతుకుతదని ఆమె నమ్మకం.

గా నమ్మకంతోనే జ్ఞానేశ్వరి టీచర్ దగ్గర చేరింది. జ్ఞానేశ్వరి సర్కారు బడిల టీచరు, మొగడు లేని మనిషి. మెదక్ రోడ్డు దిక్కు రెండర్రల ఇల్లు కిరాయికి తీసుకొని, తోటి ఆడోళ్లను కూడేసి ఒక సంఘం పెట్టింది. ముందటి అర్రల కుట్టుమిషన్లు నేర్పుడు. ఎనుకటి అర్రల ఇంట్ల చెప్పుకోలేని ఆడపిల్లలు. నెలలు తక్కువున్నోళ్లను దవాఖాన్ల డాక్టరమ్మకు చూపెడుతుండె, నెలలు మీరినోళ్లను కాన్పు దాక పెట్టుకొని బువ్వ పెడుతుండె. సంఘపోళ్లు ఎసరు పెట్టినప్పుడల్ల పిడికెడు బియ్యం పక్కకు తీసి కుండల ఏసేటోళ్లు. గా బియ్యం జమచేసేది కొమురవ్వనే. పొద్దుమీకి చాకలోళ్లు ఇండ్లకు బువ్వకు పోవుడు రివాజాయె. గంపల ఒక దిక్కు బువ్వ గిన్నె, ఒక దిక్కు సంఘం బియ్యం. ఎవలు అడుగుతరు?

కని కొమురవ్వకు ఒక పద్ధతి ఉండె. పిల్ల నెల తప్పిందని తెలిస్తే, పోయి ముందుగాల తల్లికే చెప్పేది. జ్ఞానేశ్వరి ఎన్నిసార్లో అన్నది, "కొమురవ్వా, ముందు పిల్లతోని మాట్లాడు, తల్లికి తర్వాత చెప్పొచ్చు" అని. కొమురవ్వ ఇంటే కద!

"ఏం మాట్లాడుతవు టీచరమ్మా! వాళ్ల ఇంటి బువ్వ తింటున్న. తల్లికి చెప్పకుంట పిల్లను తోలుకపోతే అది దొంగతనం గాదా? రేపు నన్ను వాకిట్లకు రానిస్తరా?"

ఆమె మాటల అబద్ధం లేదు. బువ్వ పెట్టిన ఇంటికి ద్రోహం చెయ్యొద్దని ఆమెకు అవ్వ ఉగ్గువాలతోనే తాపింది. గట్లనే సుగుణ అనే పిల్ల సంగతి తల్లికి చెప్పింది. గా తల్లి బిడ్డను తలుపేసి కొట్టింది, కాలేజి బందువెట్టిచ్చింది, ఆఖరుకు సంఘం ఇంటికి తోలింది. కాన్పయింది. పిల్లగాన్ని అనాథాశ్రమపోళ్లు తీసుకున్నరు. సుగుణను అక్కన్నపేటల పెండ్లాం సచ్చినోనికి కట్టవెట్టిన్రు. ఆ పిల్ల ముఖం చూసినోళ్లకు మళ్ల చూడబుద్ధిగాకపోతుండె. కొమురవ్వ మాత్రం "బతికింది గద! అంతకన్న ఏం గావాలె?" అని రేవుల గట్టిగనే అనుకునేది.

సుగుణకు పక్కింట్ల సోపతి ఒకతి ఉండె. బట్టల దుకాణం రాజమల్లయ్య బిడ్డ, యాదలక్ష్మి. ఇంటర్ చదువుతుండె. సుగుణ దెబ్బలు తిన్నప్పుడు గోడకు చెవి పెట్టి ఇన్నది ఆ పిల్లనే. సుగుణ తల్లికి ఎవలు చెప్పిన్రో కూడ ఆ పిల్లకు ఎరుకే.

గా ఎండాకాలం యాదలక్ష్మి వాలకం కొమురవ్వకు మనసుల పట్టలే. కండ్ల కింద నల్లగైంది. ఎప్పుడు జడ ఊపుకుంట ఎదురొచ్చే పిల్ల, కొమురవ్వ గొంతు ఇనవడంగనే లోపటి అర్రలకు పోతుండె. దుకాణంల గుమస్తా దామోదర్ ఉన్నపళంగ బొంబాయి దిక్కు భీవండికి పోయిండని బజార్ల అనుకున్నరు. అప్పుడు కొమురవ్వ ఆ రెండు ముచ్చట్లు కలుపుకొని చూసింది. ఆ పిల్ల దూరముండే దినాలు దగ్గరికొచ్చినయి. దొడ్డి మూలకు పోయి చూసింది. మూట ఉన్నది. విప్పి చూసింది. బట్ట మీద నెత్తురు మరక ఉన్నది.

"అమ్మయ్య" అనుకొని అక్కడనే కూలవడ్డది. "థూ నా పాడు బుద్ధి! పసిపిల్లను అనుమానించిన" అని చెంపలేసుకున్నది.

మలినెల సుత మూట వచ్చింది. ఈసారి మరక చిన్నగుండె. బట్టకు నడుమ గాకుండ ఒక పక్కకు అంటి ఉండె. కొమురవ్వ చేతులు ఒక్క గడియ ఆగినయి. ఏందిది, గిట్లున్నదేంది అనుకున్నది. మళ్ల, ఎండలకు తక్కువైతుండొచ్చు, పిల్ల బక్కగైంది గద అని తనకు తనే చెప్పుకొని నీళ్లల్ల ముంచింది.

జ్ఞానేశ్వరి మాత్రం యాదలక్ష్మిని బజార్ల చూసి కొమురవ్వను పిలిచింది. "ఆ పిల్ల నడక నాకు మంచిగనిపిస్తలేదు. ఓసారి మాట్లాడరాదు?"

"టీచరమ్మా, నీకు నడక తెల్సు, నాకు బట్ట తెల్సు" అన్నది కొమురవ్వ కొంచెం గీరగనే. "నెల తప్పితే నా చేతుల వడదా? ఊకె ఆ పిల్ల మీద లేనిపోని మాట పడనియ్యకు."

మూడో నెల మూట సుత వేళకే వచ్చింది. అదొచ్చి వారం సుత గాలే, ఒకనాడు పొద్దుగాల తల్లి పద్మమ్మనే రేవు దాక నడిచొచ్చింది. అసొంటి ఇంటి మనిషి రేవుకొచ్చుడు ఎన్నడు లేదు. చేతుల పెద్ద మూట. ముఖం సున్నం కొట్టినట్టున్నది.

"పిల్లకు నెలసరి జర ఎక్కువైంది కొమురవ్వా. ఎవలకు కనవడకుంట ఉతికి పెట్టు" అన్నది.

కొమురవ్వ మూట విప్పింది. పరుపు దుప్పటి, రెండు లంగాలు, తువ్వాల. అన్ని నెత్తురుతోని బరువెక్కినయి. ముట్టు నెత్తురు గిట్ల ఉండదు. ఆమె చేతుల మూట జారి నీళ్లల్ల వడ్డది.

"అవ్వో! పిల్ల ఏడున్నది పద్మమ్మా? పానంతోని ఉన్నదా?"

పద్మమ్మ ఇంటి దిక్కు చెయ్యి చూపెట్టింది. అంతే, కొమురవ్వ బట్టలన్ని గట్టుమీదనే ఇడిసిపెట్టి, తడిసిన చీర కాళ్లకు అడ్డం పడుతుంటే ఉరికింది. తోవల రిక్షావోన్ని బతిమాలి జ్ఞానేశ్వరికి కబురు పంపింది. యాదలక్ష్మి ఎనుకటి అర్రల చాప మీద పండుకొని ఉన్నది. ఎవని దగ్గర ఏం మందు తెచ్చుకొని మింగిందో! పెదవులు తెల్లగైనయి. చాప కింది నేల సుత తడిసింది.

జ్ఞానేశ్వరి ఆటో తెచ్చేసరికి రాజమల్లయ్య దర్వాజకు అడ్డం నిలవడ్డడు.

"ఇంటి ముందల ఆటో పెట్టకుండ్రి. బజారంత చూస్తుండ్రు. చీకటి పడనియ్యిండ్రి, నేనే తోలుకపోత."

"చీకటి దాక నీ బిడ్డ ఉండదు, అన్నా" అన్నది జ్ఞానేశ్వరి.

"మీకేం! రేపు దుకాణంల కూసునేది నేను!"

కొమురవ్వ పుట్టినకాడికెల్లి ఆ ఇంటి మొగోళ్ల ముందు తల ఎత్తి మాట్లాడింది లేదు. గా దినం మాత్రం, "నీ దుకాణానికి అగ్గివెట్ట! జరుగయ్యా!" అని భుజంతోని నూకింది. నూకినంక సుత ఆయన మళ్ల అడ్డమొచ్చిండు, అర్సిండు, ఏడ్సిండు. గా కొట్లాటల ఎంత యాల్ల పోయిందో. ఆఖరుకు పద్మమ్మ మొగని కాళ్ల మీద వడితే అప్పుడు జరిగిండు.

ఆటోల యాదలక్ష్మి తల కొమురవ్వ ఒళ్లె ఉండె. కాళ్లు తల్లి ఒళ్లె ఉన్నయి. గాంధీ చౌరస్తా మలుగుతుంటే పిల్ల కండ్లు తెరిచింది. ఒళ్లె పెట్టుకున్నది ఎవలో గుర్తువట్టింది.

"కొమురవ్వా, అమ్మకు చెప్పకు" అన్నది.

పద్మమ్మ గా మాట ఇన్నది. బిడ్డ పాదాలు గుండెకు ఒత్తుకొని, నోట్ల కొంగు కుక్కుకున్నది. దవాఖాన మెట్లు ఎక్కకముందే పిల్ల పానం పోయింది.

సచ్చినోళ్ల మీది బట్టలు చాకలోళ్లకే పోతయి, గది రివాజు. తానం పోసేటందుకు దొడ్లె చీరలు అడ్డం కట్టిన్రు. పిల్ల మీది లంగా తియ్యనీకి కొమురవ్వనే పిలిచిన్రు. తీసింది. తీసి, తొడ దిక్కు చూసి, అట్లనే నిలవడ్డది.

తొడ లోపటి దిక్కు బ్లేడు గాట్లు ఉన్నయి. ఒకటి మానిపోయి తెల్లగీతయింది. ఒకటి పక్కు గట్టింది. ఇంకొకటి పచ్చిగనే ఉన్నది.

జ్ఞానేశ్వరికి ఏం సమజ్ గాలే. "ఇవేం గాట్లు?" అన్నది మెల్లగ. కొమురవ్వకు సమజైంది. గా వాడకట్టుల ఆమె ఒక్కదానికే సమజైంది. నెల నెల గా బిడ్డ తలుపేసుకొని తొడ కోసుకున్నది. గా నెత్తురు బట్టకు అద్ది, మూటగట్టి, దొడ్డి మూలకు పెట్టింది. అమ్మకోసం గాదు, బాపుకోసం గాదు, బజారుకోసం గాదు. కొమురవ్వకోసం. కొమురవ్వ చూస్తదని, చూసి పోయి చెప్తదని. పక్కకు అంటిన గా చిన్న మరకను ఈ చేతులతోనే పిసికి ఉతికింది ఆమె.

"నాకు భయపడ్డదే టీచరమ్మా" అన్నది. "బతికిచ్చేది నేననుకున్న. నాకే భయపడ్డదే!" అని బోరున ఏడుసుకుంట నేలమీద వడి దొర్లింది. సావు ఇంట్ల ఏడుపే గద అని ఎవలు పట్టిచ్చుకోలే.

దినాలు అయినంక కొమురవ్వ ఇంటింటికి పోయి చెప్పింది, ముట్టు బట్టలు ఇగ నాకు ఏయకుండ్రి, మీ పిల్లలనే ఉతుక్కోనియ్యిండ్రి అని. చాకల్దానికి కండ్లు నెత్తికెక్కినయి అన్నరు. కొన్ని ఇండ్లు ఆమెను బందువెట్టి వేరేటోళ్లను పెట్టుకున్నయి. రాజమల్లయ్య ఇంటికి ఆమెనే పోవుడు బందువెట్టింది. రేవుల తిట్లు తక్కువైనయి. పొద్దుమీకి గంప పట్టుకొని పోయినప్పుడు ఏ ఆడపిల్ల కనవడ్డా ఒక్కటే మాట, ఎవలు ఇనకుంట చెప్పేది: "బిడ్డా, ఏమన్న కష్టమొస్తే నా దగ్గరికి రా. మీ అమ్మకు చెప్ప. నా పానం పోయినా చెప్ప." పిల్లలు ఏమనుకున్నరో! తల వంచుకొని లోపటికి పోయేటోళ్లు. ఇంతకుముందు గది సిగ్గు అనుకునేది కొమురవ్వ. ఇప్పుడు గదేందో ఆమెకు ఎరుకే.

ఏండ్లు గడిచినయి. ఒక్క పిల్ల సుత రాలే. మొగడు పోయిండు, గాడిదను అమ్ముకున్నది. సంఘం ఇంటికి పిడికెడు బియ్యం మోసుడు మాత్రం ఇడువలే.

తొంభై నాలుగో, అయిదో. వానాకాలం, మబ్బు పట్టిన పొద్దుగాల ఒక పిల్ల రేవుకాడికొచ్చింది. దుబ్బాక దిక్కు మగ్గం నేసేటోళ్ల పిల్ల, సిద్దిపేటల హాస్టల్ల ఉండి చదువుకుంటున్నదట. కొమురవ్వ మోకాలి లోతు నీళ్లల్ల నిలవడి చద్దరు జాడిస్తున్నది. పిల్ల గట్టు మీదికెల్లే, "కొమురవ్వ అంటే నువ్వేనా పెద్దవ్వా? నాకు మూడో నెల. మా అమ్మకు చెప్పకు" అన్నది.

కొమురవ్వ చేతులకెల్లి చద్దరు నీళ్ల మీద పోయింది. గట్టెక్కి వచ్చింది. పిల్ల కడుపు దిక్కు చూడలే. ఎవడు అని అడగలే. పిల్ల రెండు చేతులు పట్టుకొని మణికట్టులు తిరగేసి చూసింది.

"ఏడ కోసుకున్నవు బిడ్డా? నాకు చూపెట్టు. భయపడకు, చూపెట్టు."

పిల్ల బిత్తరవోయింది. "కోసుకునుడేంది పెద్దవ్వా? నేనేం కోసుకోలే. సీదా నీ దగ్గరికే వచ్చిన."

కొమురవ్వ ఉన్నకాడనే చతికిలవడ్డది. ఆ పిల్ల రెండు మోకాళ్లు పట్టుకొని, వాటికి ముఖం ఆనించి, "వచ్చినవా బిడ్డా, వచ్చినవా" అనుకుంట ఏడుస్తనే ఉన్నది. కష్టంల ఉన్న పిల్లనే వంగి గా ముసలామె తల నిమిరింది.