కారు చేసే సన్నని చప్పుడు

కారు అమ్మేదాకా నా వెంటబడ్డ షోరూంవాళ్లు నా ఫిర్యాదుకు మాత్రం ఇంతవరకూ జవాబివ్వలేదు. నాది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే ఊళ్లో తిరగడానికి పెట్రోలు అక్కర్లేదు, దూరం పోతే పెట్రోలు ఉండనే ఉంది. బంగారంలాంటి బండి. కాకపోతే కరెంటు మీద మెల్లగా పోతున్నప్పుడు, వాళ్లు కావాలని పెట్టిన ఒక సన్నని చప్పుడు వస్తుంది. అది తీసేయమని ఎన్నిసార్లు రాశానో! చివరికి బండిని సర్వీసుకిచ్చి, అదే మాట గట్టిగా చెప్పి వచ్చాను.

కారు లేక రైలు కోసం కాజీపేట వెయిటింగ్ రూములో కూర్చున్న రోజు, పక్కనున్న నల్లద్దాలాయనకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఆ సప్పుడు గూడ పోతే, కొత్తవాడ సందుల్ల ఎన్కకెళ్లి వచ్చినా ఎవ్వలికి తెల్వది," అన్నాను గొప్పగా.

"మాది కొత్తవాడనే అన్నా." ఆయన సంచిలోంచి మడత కర్ర తీసి విప్పాడు. తెల్లకర్ర. "రోజు ఆ సందుల్లనే నడుస్త. నీ కారు వస్తాందని నాకెట్ల తెల్వాలె?"

అంటూనే నవ్వాడు.

"ఫికర్ జెయ్యకు. అద్దం దించి ఇట్లనే మాట్లాడుకుంట రా. వాడంత ఇనవడ్తది."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. తల దించుకున్నాను, అది ఆయనకు కనబడదని తెలిసి కూడా.

అక్కణ్ణుంచే సర్వీసుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఆ చప్పుడు ఉండనీయండని మెసేజ్ పెట్టాను, మెయిల్ రాశాను. ఉలుకూ పలుకూ లేదు. షోరూం అయ్యలారా, బండి ఇంకా మీ దగ్గరే ఉంది. తీసేశారా, ఉంచారా? ఒక్క మనిషైనా జవాబు చెప్పండి.